మా అప్పుకి పేటంతా ఆమేన్

మా కంచరపాలెం సందులో సైకిలు ఎదురొస్తే మనిషి గోడకి పోస్టరులా అతుక్కుపోవాలి. ఇద్దరు లావాటి మనుషులు ఎదురుపడితే వాళ్ళలో వయసులో చిన్నవాడు రైలు పట్టాల దాకా వెనక్కి నడిచి, పెద్దాయన దాటిపోయాక మళ్ళీ బయల్దేరాలి. అలాంటి సందులో కాపురముంటూ నేను కారు కొన్నాను.

సెకండ్ హ్యాండ్ కారు. తెల్లది. అమ్మినాయన అది ఒక డాక్టరుగారు ఆదివారాలు మాత్రమే నడిపిన బండి అన్నాడు. కొన్న తర్వాత నాకు తెలిసిందేమిటంటే, ఆ డాక్టరుగారికి వారానికి ఏడు ఆదివారాలు ఉండేవని. సందులోకి రాదు కాబట్టి దాన్ని రైల్వే గేటు రోడ్డు పక్కన పెట్టేవాణ్ణి. మా చర్చి మా ఇంటికి పిలిస్తే పలికేంత దూరం. కారు అంతకంటే చాలా దూరం. ప్రతి ఆదివారం నేనూ, మా ఆవిడా, పిల్లలూ ఇస్త్రీ బట్టల్లో చర్చి ముందునుంచే కారు దాకా నడిచి, అందులో ఎక్కి, ఊరంతా చుట్టి, మళ్ళీ చర్చి ముందు దిగేవాళ్ళం. ఆ దిగడం కోసమే కొన్నాను మరి.

అప్పు చేసి కొన్నాను. పర్సనల్ లోను. నేను ఆటోనగర్లో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో సూపర్‌వైజర్ని. నా జీతం కాగితం చూసి బ్యాంకు ఆఫీసరు నాకు మంచినీళ్ళు తెప్పించాడు. అంత జాలిపడి, స్థిరమైన ఉద్యోగమున్న మనిషి ఎవరైనా హామీ సంతకం పెడితే చూద్దామన్నాడు. మా అక్క మొగుడు పోర్టులో క్రేను ఆపరేటరు. ఓడ కడుపులోంచి బొగ్గు తీసి ఒడ్డున కొండలు పోస్తాడు. సింహాచలం కొండ తర్వాత ఈ జిల్లాలో పెద్ద కొండలన్నీ ఆయన పోసినవేనని నా నమ్మకం. నేను ఆయన్ని బావా అంటాను, ఆయనా నన్ను బావా అనే అంటాడు. బ్యాంకులో కూర్చోబెట్టి కాగితాల కట్ట ముందుకు తోస్తే ఆయన అడిగింది ఒక్కటే.

"ఎక్కడెట్టమంటావు బావా?"

చూపించిన చోటల్లా పెట్టాడు. చూపించని చోట కూడా ఒకటి పెడితే ఆఫీసరే ఆపాడు.

ఆ కారు ఏడాది తిరగకుండా ఎన్‌ఏడీ జంక్షన్లో, బస్సులూ లారీలూ నాలుగు దిక్కుల నుంచీ నన్ను ఆశీర్వదిస్తుండగా, గేరు బాక్సు రోడ్డు మీద విడిచిపెట్టి విశ్రాంతి తీసుకుంది. బాగుచేయించడానికయ్యే ఖర్చుతో కొత్త గేరు బాక్సు, దాని చుట్టూ కొత్త కారు కూడా కొనుక్కోవచ్చని మెకానిక్కు లెక్క చెప్పాడు. తుక్కు ధరకి అమ్మేశాను. కారు పోయింది. అప్పు మాత్రం సందు ఇరుకు చూసుకోకుండా నేరుగా వచ్చి మా ఇంటి నడిమధ్య పార్క్ అయింది.

లేని కారుకి వాయిదా కట్టడం ఎంత కష్టమో అనుభవించినవాడికే తెలుస్తుంది. ఉన్న కారుకైతే కనీసం తిట్టడానికి ఎదురుగా ఏదో ఉంటుంది. రెండు మూడు నెలలు కట్టలేదు. బ్యాంకువాళ్ళ ఫోన్లు నా పుట్టినరోజుకి చుట్టాలు చేసినదానికంటే ఎక్కువగా వచ్చేవి. ఫోనులో అప్పులు తీర్చే కిటుకుల వీడియోలు చూసేవాణ్ణి. సూటు వేసుకున్న ఒకాయన రోజూ తాగే కాఫీ మానేస్తే అప్పు తీరిపోతుందన్నాడు. మా ఆవిడ పెట్టే కాఫీలో కాఫీపొడి లేదని ఆయనకెవరు చెబుతారు?

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం బావ వచ్చాడు. భోజనం చేశాడు. రసం రెండుసార్లు పోయించుకున్నాడు. చెయ్యి కడుక్కుంటూ, వాతావరణం గురించి మాట్లాడినట్టు అన్నాడు.

"ఏటీ లేదు బావా. దువ్వాడ సైటులో ఇల్లు ఏద్దారని లోనుకెల్నాను. నా సంతకం ఇంకో లోను మీదున్నాదంట, దాని వాయిదాలు ఆగిపోనాయంట. అది తీరిపోనాక రమ్మన్నారు."

నేను కంచం పక్కకి జరిపాను. "బావా, నాను..."

"కంగారేటీ లేదు. ఉన్నాది కదా టైము. రసంలో మిరియాలు బాగున్నాయి."

టైము ఎంతుందో నాకు తెలుసు. బావకి రిటైర్మెంటు కనుచూపు మేరలో ఉంది. రిటైరైన మర్నాడు పోర్టు క్వార్టరు తాళాలు ఇచ్చెయ్యాలి. మా అక్క పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ క్వార్టర్లోనే ఉంది. ప్రతి ఉదయం చీపురు పట్టి గుమ్మం మీది బొగ్గు దుమ్ము ఊడ్చి, ప్రతి సాయంత్రం మళ్ళీ అదే దుమ్ము ఊడ్చింది. దువ్వాడలో ఆ చిన్న స్థలం కొన్న రోజు నుంచి తను ఇంటి గురించే మాట్లాడుతుంది. నేను చర్చి ముందు కారు దిగినందుకు మా అక్కకి సొంత గుమ్మం లేకుండా పోతోందన్నమాట.

ఆ వారం మా ఆవిడ చేసిన పని నేను జీవితంలో మర్చిపోను.

మా పేటలో శుక్రవారం సాయంత్రాలు ఒక్కో ఇంట్లో ప్రార్థన కూడిక జరుగుతుంది. పాటలయ్యాక పాస్టరుగారు, మేమంతా అయ్యగారంటాం, ప్రార్థన అంశాలు చెప్పమంటారు. ఒకరు మోకాళ్ళ నొప్పులంటారు, ఒకరు పిల్లాడి పరీక్షలంటారు. డబ్బు సంగతైతే దానికో మర్యాద ఉంది. "ఆర్థిక అవసరత ఉందండి" అని తల దించుకోవాలి, అంతే. ఎంత, ఎవరికి, ఎందుకు అన్నవి దేవుడికి విడిగా తెలుస్తాయి. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆ మర్యాద ఎప్పుడూ తప్పని మా ఆవిడ ఆ రోజు లేచి నిలబడి, అప్పు ఎంతో, వడ్డీ ఎంతో, వాయిదా ఏ తారీకునో, ఎన్ని తప్పామో, కారు ఎందుకు కొన్నామో చెప్పి, ముసుగు సర్దుకుని కూర్చుంది.

చాప మీద నేను కూర్చున్న మేర నేల కుంగి కింద బొర్రా గుహలు తెరుచుకుంటే బాగుండుననిపించింది. అయ్యగారు మాత్రం చాలా సంతోషించారు. ఆయనకి జీవితంలో మొదటిసారి ఒక ప్రార్థన అంశం కొలతలతో సహా దొరికింది.

అప్పట్నుంచీ ప్రతి శుక్రవారం, అందరి నొప్పులూ అయ్యాక, అయ్యగారు మా ఆవిడ వైపు తిరిగేవారు. "అమ్మా, మన అప్పు ఎంతకొచ్చింది?"

గమనించండి, మన అప్పు. మా ఆవిడ అంకె చెప్పేది. అంకె తగ్గితే ఆమేన్ అని కప్పు లేచిపోయేది. గూడ్సు బండి వెళుతున్నా వినిపించేది. కొంచెమే తగ్గితే కొంచెం ఆమేన్. తగ్గకపోతే, ఒక్కొక్కరూ గొంతులో తడి పెట్టి, చివర సాగదీసి అనే ఆమేన్ ఉంటుంది చూశారా, అది వింటే రాయి కూడా వెళ్ళి వాయిదా కట్టేస్తుంది. సూటాయన వీడియోలన్నీ కలిపినా ఆ ఒక్క ఆమేన్‌కి సాటి రావు.

ఆ తర్వాత నేను ఒంటరిగా ఒక్క రూపాయి ఖర్చు పెట్టిన పాపాన పోలేదు. బజ్జీల బండి దగ్గర నిలబడితే ఎవరో ఒకరు "వందనాలు బ్రదర్" అనేవారు. పలకరింపే. కానీ చూపు బజ్జీ మీద ఉండేది. సందు మొదట్లో చేపలమ్ముకునే ఆవిడైతే మా చర్చి మనిషి కూడా కాదు. సముద్రపొడ్డు పల్లె నుంచి రోజూ గంప తెస్తుంది. మా ఆవిడ ఆమెకి కూడా చెప్పేసింది.

ఒక ఉదయం గంపలో నా చెయ్యంత, కాదు, నా కాలంత వంజరం చేప మెరుస్తోంది. "ఎంతమ్మా?" అన్నాను.

"నీకెందుకు బాబూ? ఇయిగో, సన్న నెత్తళ్ళున్నాయి, సవగ్గా. అట్టుకెల్లు."

"వంజరం అడిగితే నెత్తళ్ళేటి? నా డబ్బులు నానిత్తాను, నీకేటి బాధ?"

"నీ డబ్బులేటి బాబూ, బేంకోడి డబ్బులు. మీ అక్క ఇల్లు లేవనీ. ఆ దినం ఉత్తినే ఇత్తాను వంజరం." నెత్తళ్ళు సంచిలో పోస్తూ ఇంకో మాట కూడా అంది. "మా అమ్మోరికీ సెప్పినాన్లే నీ గురించి."

పైన రెండు ఆఫీసుల్లో నా ఫైలు తిరుగుతోందని నాకు అప్పుడు తెలిసింది.

బావ మాత్రం ఎప్పుడూ అడగలేదు. నెలకోసారి వచ్చి, తిని, మిరియాల గురించో ఉప్పు గురించో ఒక మాటని వెళ్ళిపోయేవాడు. రికవరీ వాళ్ళు ఇలాంటి మనిషిని ఒక్కణ్ణి ఉద్యోగంలో పెట్టుకుంటే దేశంలో మొండి బకాయిలే ఉండవు.

మధ్యలో ఒక చెడ్డకాలం వచ్చింది. మా షెడ్డుకి ఆర్డర్లు లేవు. ఓనరు సగం జీతం చేతిలో పెట్టి, మిగతా సగానికి తన కష్టాలు చెప్పుకున్నాడు. నా కష్టాలు మరిచిపోయి ఆయన్ని ఓదార్చి ఇంటికొచ్చాను. వాయిదా కట్టలేదు. ఆ శుక్రవారం కూడికకి వెళ్ళలేదు, పై శుక్రవారమూ వెళ్ళలేదు. నా వల్ల కాదని మా ఆవిడతో చెప్పేశాను. తను వాదించలేదు. మూడో శుక్రవారం కూడిక మా ఇంట్లోనే పెట్టేశారు.

మాది గదిన్నర ఇల్లు. పేటంతా వచ్చింది. మంచం మీదా, మంచం కిందా జనమే, బీరువా మీద తప్ప ఖాళీ లేదు. గుమ్మం దాటి సందులో, సందు దాటి రైలు పట్టాల దాకా కూర్చున్నారని చెబితే నమ్మరు. ఆ రోజు రైళ్ళు ఆలస్యమయ్యాయి కూడా. అయ్యగారు అంకె అడిగారు. మా ఆవిడ పాత అంకే చెప్పింది. సాగదీసిన ఆమేన్ వచ్చింది. అప్పుడు మూల కూర్చున్న ఒక ముసలామె కళ్ళు తెరిచి నన్నే చూసి అడిగింది.

"నాయనా, నువ్వు ఎల్డింగు పని సేసినోడివే కదా?"

"ఎప్పుడో సేసినానమ్మా. ఇప్పుడు సూపర్‌వైజర్ని."

"అయితే మా కిటికీకి ఊసలెయ్యలేవా? కోతులు వచ్చేత్తన్నాయి."

ఆమె ఆ మాట అనడమేమిటి, కోతులన్నీ మా పేట మీదే దండెత్తినట్టు అందరికీ కిటికీలు గుర్తొచ్చాయి. ఒకరికి గ్రిల్లు, ఒకరికి గేటు, ఒకరికి మేడ మెట్లకి రెయిలింగు. షెడ్డు ఖాళీగానే ఉంది కాబట్టి ఓనరు మిషను వాడుకోమన్నాడు. ఆదివారం ఆరాధన అయిన వెంటనే చొక్కా మార్చుకుని ఆటోనగర్ పోయేవాణ్ణి. ఏళ్ళ తర్వాత వెల్డింగు రాడ్డు పట్టుకుంటే మొదటి గ్రిల్లులో ఒక్క ఊసా నిటారుగా రాలేదు. ముసలామె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కోతులకి ఇది చాల్లే అంది. డబ్బు మాత్రం తగ్గించలేదు. చేపలావిడ ఎదురుగా నిలబడి ఐసు పెట్టెకి స్టాండు చేయించుకుని, దాని మీద తనే ఎక్కి కూర్చుని, ఊగట్లేదని నిర్ధారించుకున్నాకే పైసలు తీసింది.

బావకి సెలవైతే షెడ్డుకొచ్చి రాడ్లు పట్టుకునేవాడు. ఆకాశమంత క్రేను నడిపే మనిషి, నేను చెప్పిన చోట ఇనప ముక్క పట్టుకుని, "ఇంకొంచెం పైకా బావా?" అని అడుగుతుంటే నాకు నవ్వూ వచ్చేది, ఇంకేదో కూడా వచ్చేది. వెల్డింగు అద్దం ముఖానికి అడ్డంగా ఉండేది కాబట్టి ఆ ఇంకేదో ఎవరికీ కనబడేది కాదు.

అంకె తగ్గడం మొదలెట్టింది. శుక్రవారం ఆమేన్లకి పెంకులు కదిలాయి. ఇక ఒక్క వాయిదా మిగిలిందనగా అయ్యగారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. మేలు పొందినవాళ్ళు అందరి ముందూ నిలబడి ఆ సంగతి చెప్పడం మా ఆచారం. నాకు మైకు ఇవ్వకూడదని అందరికీ తెలుసు. ఆ రోజు ఆనందంలో మర్చిపోయారు. కారు దగ్గర మొదలెట్టి, గేరు బాక్సు ఊడిన తీరు వర్ణిస్తుంటే సగం మంది కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆ ఊపులో అనేశాను. అప్పు తీరగానే కృతజ్ఞతా కూడిక పెడతానని, వచ్చినవాళ్ళందరికీ మటన్ బిర్యానీ పెడతానని.

అంత ఆమేన్ నేను మళ్ళీ వినలేదు. హార్బర్లో ఓడలు బదులుగా హారన్లు కొట్టాయి.

కృతజ్ఞతా కూడిక అంటే భోజనం పెట్టాలి. ఎవరి శక్తి కొలదీ వాళ్ళు పెడతారు. చాలామంది టీ, బిస్కెట్టుతో సరిపెడతారు. మటన్ అని నోరు జారినవాణ్ణి మా పేట చరిత్రలో నేనొక్కణ్ణే. అయ్యగారు ఆదివారం ప్రకటనల్లో తారీకు చదివేశారు. ముందువాళ్ళకి ముక్కలు, వెనకవాళ్ళకి ఎముకలు అన్న భయంతో జనం ముందే వస్తామని కబురు చేస్తున్నారు. జీతమూ గ్రిల్లు డబ్బులూ కలిపితే చేతిలో ఒక్క వాయిదాకి సరిపడా ఉంది. అవే డబ్బులు మటన్ బిర్యానీకీ సరిగ్గా సరిపోతాయి. రెండింటికీ చాలవు.

బ్యాంకు ఒక నెల ఆగుతుంది, ఆకలితో వచ్చినవాళ్ళు ఆగరు కదా అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. బావ కంగారు లేదని ఎన్నిసార్లు అనలేదు? చర్చి విందులకి వండే వంటాయన మా పేటలోనే ఉంటాడు. వెళ్ళి ఆ డబ్బంతా ఆయన చేతిలో అడ్వాన్సు పెట్టి, ముక్క మెత్తగా ఉడకాలని చెప్పి, రొమ్ము విరుచుకుని ఇంటికొచ్చాను. మా ఆవిడ వాయిదా డబ్బులు దాచే డబ్బా మూత తీసి చూసింది. నన్ను చూసింది. చెప్పాను. పళ్ళెంలో అన్నం పెట్టింది. అప్పుడే నేను భయపడి ఉండాల్సింది.

శుక్రవారం. ఈసారి వంతు మా అక్కది, కూడిక వాళ్ళ పోర్టు క్వార్టర్లో. అయ్యగారు ప్రార్థన ఎవరు నడిపిస్తారంటే మా ఆవిడ తను నడిపిస్తానంది. అందరం కళ్ళు మూసుకున్నాం.

"ప్రేమ గల పరలోకపు తండ్రీ, నీ పాదాలకి వందనాలు. ఈ గృహాన్ని దీవించు తండ్రీ. రోగులను జ్ఞాపకం చేసుకో తండ్రీ." అక్కడిదాకా పుస్తకాల భాషే. తర్వాత తన గొంతు మారింది. "తండ్రీ, నా భర్త ఆఖరి వాయిదా డబ్బులు అట్టుకెల్లి బిర్యానీకి అడ్వాన్సు ఇచ్చీసినాడు తండ్రీ. ఈ నెల దాటితే ఈ ఇంటి అన్నయ్యగారికి సర్వీసు సరిపోదని, ఇంటి లోను ఇక ఇవ్వమని బేంకోల్లు సెప్పేసినారంట తండ్రీ. మా వదిన ఆ మాట ఇన్నాల్లూ ఎవరికీ సెప్పకుండా మింగేసి, నిన్న నాను గుచ్చి అడిగితే సెప్పినాది. ఆ వంట సేసే సోదరుని మనసును నువ్వు తాకు తండ్రీ. ఆమేన్."

"ఆమేన్" అంది గదంతా. అలవాటు. అందరికంటే గట్టిగా, తలుపు పక్కనుంచి అన్నది వంటాయన.

కళ్ళు తెరవడానికి చాలాసేపు ఎవరూ ముందుకు రాలేదు. నేనైతే ఆ రాత్రంతా మూసుకునే ఉందామనుకున్నాను. సర్వీసు సరిపోదన్న మాట నేను వినడం అదే మొదటిసారి. కంగారు లేదన్నాడే మనిషి. ఎప్పుడడిగినా కంగారు లేదన్నాడే.

వంటాయన లేచి, లోపలి జేబులోంచి డబ్బు తీసి మా ఆవిడకి ఇచ్చాడు.

"ఆమేన్ అనీసినాను కదమ్మా. ఇంకేటి సేత్తాను? ఉల్లిపాయలు ఇంకా కొన్లేదు, అదొక్కటే నయం." నా వైపు తిరిగాడు. "బ్రదర్, కూడికకి నాను పకోడీలు ఏసి తెత్తాను. మటన్ అన్న మాట మనందరం మర్సిపోదాం."

అయ్యగారు దానికి కూడా ఆమేన్ అన్నారు. జనంలోంచి వచ్చింది మాత్రం సాగదీసిన రకం.

మా అక్క నన్ను వంటింట్లోకి లాగింది. "ఒరే, నా ఇల్లు అట్టుకెల్లి దేగిసాలో ఏసీసినావేట్రా? నీకు మతుందా?" అని వీపు మీద రెండు వేసింది. మూడోది వెయ్యడానికి ఎత్తిన చేత్తో నా చొక్కా కాలరు సరిచేసింది. ఎందుకు సెప్పలేదే అక్కా అంటే, "సెప్తే నువ్వు నిద్దర మానేసి గ్రిల్లులు ఏత్తావు. నీకు బీపీ కదరా" అంది.

సోమవారం బ్యాంకు తలుపులు తీసేసరికి నేనూ బావా మెట్ల మీద ఉన్నాం. కట్టేశాను. బాకీ లేదన్న కాగితం అప్పటికప్పుడు ఇవ్వరట, రెండు రోజులు పడుతుందట. బావ పర్లేదన్నాడు. నేను పర్లేదనలేదు. ఆఫీసరు ఎదుటి కుర్చీలో కూర్చుని నా కథ కారు దగ్గర్నుంచి మొదలెట్టాను. గేరు బాక్సు దాకా రాకముందే ఆయన కాగితం ప్రింటు తీయించి, ముద్ర వేసి, బావ చేతిలో పెట్టేశాడు.

ఆ కాగితంతో బావ లోను నెల లోపలే పాసైంది.

మొన్న దువ్వాడ వెళ్ళాం. ఖాళీ స్థలంలో మేస్త్రీ పునాది కోసం సున్నంతో గీతలు గీసిపెట్టాడు. తెల్ల గీతల మధ్య మా అక్క చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, గది గదికీ తిరుగుతోంది. ఇక్కడ పొయ్యి, ఇక్కడ మంచం, ఇక్కడ మీ బావ టీవీ. బావ గీతల బయట నిలబడి, ఇంత పెద్దిల్లు ఎవరూడుస్తారే అంటున్నాడు. బొగ్గు రాదు కదా, నానే ఊడుత్తాను అంటోంది తను. నేను దగ్గరికెళ్ళి చూద్దామని అడుగు వేశాను.

"ఏట్రా, గోడలోంచి వచ్చేత్తన్నావు?" అంది అక్క. "గుమ్మం అటేపున్నాది, కనబడతలేదా?"

వెనక్కి తగ్గాను. సున్నం గీత పక్కనే నడుచుకుంటూ తూర్పు వైపు వెళ్ళి, గీత తెగిన చోట చెప్పులు విడిచి, లోపలికొచ్చాను.